వంటింటి గిలాసలు

ధ్వని గురించి మా లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివాను. ఈ సంగతి వాటిలో లేదు కనుక రాసిపెడుతున్నాను.

బెల్లంపల్లిలో మా పక్కింటి పెద్దాయన గనిలో బొగ్గు పేల్చే పని చేసి రిటైరయ్యారు. భార్య పోయాక హోమ్ థియేటర్ కొన్నారు. బేస్ చాలడం లేదంటూ రోజూ గోడకు అరచెయ్యి ఆనించి చూసేవారు.

"పాటలు మంచిగనే వినవడుతున్నయ్ గద, తాతా?"

"పాటలెవనికి గావాలెరా! నేను కింద బొగ్గు పేలిస్తే ఇంట్ల గిలాసలు మోగుతయని మా ఇంటామె దినాం చెప్పేది. నేను గనిలనే ఉంటి. ఒక్కనాడు ఇనలే."

పుస్తకంలో చదివినట్టే బేస్ పలికే సబ్‌వూఫర్ బాక్సును గది మధ్య నుంచి వంటింటి గోడ మూలకు జరిపాను. వంటింట్లో అరమీది గిలాసలు గలగలమన్నాయి. ఆయన గోడమీది చెయ్యి తీసి, ఖాళీ వంటింటి వైపు తిరిగి, "గిట్లనేనా?" అని అడిగారు.

లైబ్రరీలో పుస్తకం వెతికిచ్చిన సరోజక్కకు, బాక్సు జరపడానికి చెయ్యేసిన రాజన్నకు, ఆ గిలాసలను అక్కడ సర్దిపోయిన ఆయన భార్య లచ్చవ్వకు నా కృతజ్ఞతలు.