పూజలో కూర్చున్న నెట్‌వర్క్

మా నాచారం ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ చూసుకునేది నేనే. ఏ షెడ్డులో కంప్యూటర్లను కలిపే స్విచ్ పెట్టె ఆగినా నా డెస్క్‌టాప్ మీద ఎర్రగా చూపించి, బీప్ బీప్‌మని అరిచే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. మేనేజర్‌ను ఎంతో బతిమాలి పెట్టించుకున్నాను.

ఈ రోజు పొద్దున అది అరవడం మొదలుపెట్టింది. ముందు స్టోర్స్ పోయింది, తర్వాత ప్యాకింగ్, ఆ తర్వాత డిస్పాచ్. గేటు దగ్గర లోడు లారీ ఆగిపోయింది, బిల్లు ప్రింటు కాలేదు. మేనేజర్ ఫోన్ మీద ఫోన్.

కేబుల్ తెగిందనుకుని డిస్పాచ్ షెడ్డుకు పరుగెత్తాను. స్విచ్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండ ఉన్నాయి. ప్లగ్గు మాత్రం పీకేసి ఉంది. పక్కనే మా ఫోర్‌మన్ యాదగిరన్న కొబ్బరికాయతో నిలబడ్డాడు.

"ఇదెందుకు బంద్ చేసినవన్నా?" అని అరిచాను.

"ఆయుధ పూజ గద తమ్మీ! నడిసే మిషిన్‌కు బొట్టు వెడ్తరా ఎవరన్న? షెడ్డు షెడ్డుకు జేసుకుంటొస్తున్నం. ఆఫీసు దిక్కు గూడ మనోళ్లు పోయిన్రు."

ఆ చివరి మాట నా చెవికెక్కలేదు. మూడు షెడ్లూ తిరిగి ప్లగ్గులు పెట్టించి, బిల్లు ప్రింటయ్యాక చెమటలు కక్కుకుంటూ సీటుకు వచ్చాను. అన్నీ పచ్చగా మారాయో లేదో చూద్దామంటే స్క్రీన్ నల్లగా ఉంది. మానిటర్ నుదుట ఇంత బొట్టు, కీబోర్డు మీద నిమ్మకాయ.

మీ ఆఫీసుల్లో ఇవాళ ఏమేం బంద్ పెట్టారో చెప్పండి, నా కడుపుమంట కాస్తయినా చల్లారుతుంది. మా దగ్గరైతే, ఏది బంద్ అయిందో చెప్పేదాన్నే బంద్ పెట్టి హారతిచ్చారు.