జేజి నమ్మని ప్లాస్టిక్ అద్దం

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో ఒక మధ్యాహ్నం ప్లాస్టిక్ అద్దం కోయడం చూశాను. మొన్న మా మనవరాలు నంద్యాల నుంచి అలాంటి ప్లాస్టిక్ అద్దమే, యాక్రిలిక్ షీటు తెచ్చి, ఫోనులో చూశానంటూ ఒక్కసారి గీసి విరిచింది. అది వంకరగా పగిలింది. ఫోను అబద్ధం చెప్పిందని అలిగి కూర్చుంది. అందుకే ఆ మధ్యాహ్నం గురించి రాసిపెట్టాలనిపించింది.

మా జేజి, అంటే నాయన తల్లి, కొన్నాళ్లు మా ఇంట్లో, కొన్నాళ్లు నంద్యాలలో చిన్నాయన ఇంట్లో ఉండేది. ఎటు వెళ్లినా చనిపోయిన మా తాత, జేజినాయన ఫొటో చీరల సంచిలో ఆమె వెంటే. ఆయనది ఆ ఒక్క ఫొటోనే మిగిలింది. బస్సు కుదుపులకు పటం అద్దం పగిలేది. ఆసారి గాజు పెంకు ఫొటోలో ఆయన చెవి పక్కన గీరింది. ఇంకోసారి పగిలితే ముఖమే పోతుందని జేజి భయం.

పక్కింటి అక్క నంద్యాలలో బోర్డులు తయారుచేసే కొట్టులో పనిచేసేది. పగలని అద్దం వేసిపెడతానంది. అంతే, జేజికి అనుమానం పుట్టింది. అడగకుండా మేలు చేసేవాళ్లను ఆమె ఎన్నడూ నమ్మలేదు. నేనూ ఆమె పెంపకమే. జేజి పటం వదలకుండా, "నా ఒళ్లోనే కొలుచుకో" అంది.

అక్క తెచ్చిన షీటుకు రెండు వైపులా గోధుమరంగు కాగితం అంటించి ఉంది.

"ఏందమ్మీ, అద్దమంటివే? ఇది అట్ట గదా!"

"అద్దం లోపలుంది జేజీ. కోసేదాంక కాగితం పీకగూడదు, గీతలు పడతాయి."

"పీకితే నీ బండారం బయటపడతాదని చెప్పు."

అక్క నవ్వి, షీటును బల్ల మీద పరిచి, ఇనుప స్కేలు అదిమి, కొక్కెంలా అరగదీసిన రంపం బ్లేడుతో గీత లాగింది. అదే గీత మీద మళ్లీ మళ్లీ లాగింది. సన్నటి పోగులు లేస్తున్నాయి గానీ ఏమీ తెగడం లేదు. నాకూ అనుమానం ముదిరింది.

"గీసిందే గీస్తాండావ్ అక్కా. మమ్మల్ని ఏమార్చేకి గదా?" అనేశాను.

కోప్పడుతుందనుకున్నాను. ఆమె ఒక పనికిరాని ముక్క నా ముందు పెట్టింది. "నన్ను నమ్మొద్దు పాపా. నీకు తోచినట్ల దీన్ని విరిచి చూడు."

పైపైన గీసి, బల్ల అంచున నొక్కాను. పగులు నా గీతను వదిలేసి ఎటో పరుగెత్తింది. అక్క ఇంకో ముక్క ఇచ్చింది. ఈసారి గోటికి తగిలేంత గాడి పడేదాకా గీశాను. నొక్కగానే టక్కుమని గీత వెంటే విడిపోయింది.

అదంతా జేజి రెప్పవేయకుండా చూసింది. అక్క పెద్ద షీటు గాడిని బల్ల అంచుకు సరిపెట్టగానే, "జరుగు, నేనే విరుస్తా. చెయ్యి నాదైతే మోసముండదు" అంటూ లేవబోయింది. లేవాలంటే ఒళ్లోని పటం ఎవరికైనా ఇవ్వాలి. ఒక్క క్షణం ఆగి, అక్క చేతికే ఇచ్చింది.

షీటు చక్కగా విరిగింది. అంచు గీకి, కాగితం పీకి, పటంలో బిగించాక జేజి వేలి కణుపుతో తట్టి, "గాజు మాదిరి మోగదేందీ?" అని సణిగింది. ఆ అద్దం ఎన్ని బస్సులెక్కినా పగల్లేదు.

పెద్దయ్యాక గ్రంథాలయంలో అక్కడి అన్న వెతికిచ్చిన పుస్తకాలు చదివి, నా అంతట నేనే తెలుసుకున్నాను: గాడి దగ్గర షీటు పలచబడుతుంది, వంచిన బలమంతా అక్కడికే చేరుతుంది. అనుమానించినవాళ్ల మీద కోప్పడకుండా చేతికి ఒక ముక్క ఇవ్వాలన్నది మాత్రం అప్పటికే నాకు వచ్చు.

ఆ అక్కకు, నమ్మకుండానే నేర్పిన జేజికి, అడిగిన పుస్తకమల్లా వెతికి పెట్టిన గ్రంథాలయం అన్నకు నా దండాలు. మనవరాలికి నా మాట నమ్మమని చెప్పను. మంచి షీటు పక్కన పెట్టి, మళ్లీ గీసి విరిచి చూడమని ఆ వంకర ముక్కే ఆమె చేతికిస్తాను.