ఇల్లు చేరేంత సేపు

మదనపల్లె నుంచి కుప్పం వెళ్లే బస్సులో బైబిలు తెరిచి, మార్కులో ఒక వేలు, లూకాలో ఒక వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఈస్టర్ ఆరాధనలో సువార్త చదవాల్సింది నేను. ఖాళీ సమాధిని చూసిన స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదని మార్కు అంటాడు. వాళ్లు వచ్చి అంతా చెప్పారని లూకా అంటాడు.

పుంగనూరులో ఎక్కి పక్కన కూర్చున్నామె మెడలో ఆఫీసు కార్డు ఉంది. "యాలమ్మా, అట్లా ముందుకీ ఎనక్కీ తిప్పతా ఉండావు?" అని అడిగింది. సంగతి చెప్పి, మార్కులోంచి వేలు తీసేసి, లూకా ఒక్కటే చదువుతానన్నాను.

"మాది రామకుప్పం పక్క పల్లె. ఒకసారి తెల్లారి రాగిచేనికి పోతే ఏనుగు నిలబడుకోని ఉండాది. తిరిగొస్తాంటే పాలాయన ఏమాయనని అడిగినాడు. నాకు నోరు పెగల్లేదు. ఇల్లు చేరినాక మాట ఆగలేదు. ఇప్పుడు పాలాయన్ని అడిగితే ఆయమ్మ ఏమీ చెప్పలేదంటాడు. మా అత్తను అడిగితే అంతా చెప్పిందంటాది. అబద్ధం ఎవురిది?"

ఆమె నా వేలు పట్టుకుని మళ్లీ మార్కు పేజీలో పెట్టింది.

"పాలాయన మాట తీసేస్తే ఏనుగు సిన్నదైపోతాదమ్మా."

పలమనేరులో దిగిపోయింది.

ఏటా ఇప్పుడు మార్కే ముందు చదువుతాను. 'ఏమీ చెప్పలేదు' దగ్గర ఆగి, చాలాసేపటికి గాని లూకా తెరవను. ఎక్కడ చదువుతున్నానో మరిచిపోయాననుకునేవాళ్లు చర్చిలో ఉన్నారు. అనుకోనీ. సమాధి దగ్గర్నుంచి వస్తున్న ఆ స్త్రీలు ఇంకా ఇల్లు చేరలేదు.