ఎడారికి కట్టిన వ్యాను

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక వ్యాను చూపించింది. లోపల మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు. స్నేహితురాళ్ళతో కలిసి అందులో రాజస్థాన్ ఎడారి చూసి రావడానికి దారులు వెతుక్కుంటోందట. "ఎలా ఉంది అమ్మమ్మా?" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు పాపం. పోయి ఇన్నేళ్ళయినా మా బాబాయి మీద నా కోపం చల్లారలేదు.

జగ్గయ్యపేటలో మా వీధంతా బాబాయిని దొరగారనేది, ఎగతాళికి. అరవైల మొదట్లో ఎక్కడో మూలపడ్డ వ్యాను ఒకటి తెచ్చి, వడ్రంగిని పెట్టి అందులో పడుకోవడానికి రెండు బల్లలు, సామానుకి గూళ్ళు కొట్టించాడు. నందిగామ నుంచి స్నేహితుడొకడు ప్రతి ఆదివారం దిగబడేవాడు. అరుగు మీద పటం పరుచుకుని, పిన్ని చేత కాఫీల మీద కాఫీలు పెట్టించుకుంటూ, ఇసకతిన్నెల మీద పొద్దుగుంకడం ఎక్కణ్ణుంచి బాగుంటుందో ఇద్దరూ తేల్చేవాళ్ళు. పక్కనున్న గరికపాడు దాటి ఎరగని మొహాలు.

నిజానికి ఎడారి పిచ్చి పిన్నిది. చర్చిలో పాస్టరుగారు ఎడారి దారిన నడిచిన జనం గురించి చెబుతుంటే ఆవిడ కళ్ళార్పకుండా వినేది. "ఆ ఇసకలో ఒక్కసారి చెప్పుల్లేకుండా నిలబడాలే" అనేది నాతో. బాబాయి తీసుకెళ్తానన్నాడు. ఆ మాట పట్టుకుని ఆవిడ కారప్పొడులు కొట్టింది, జంతికలు వండింది, తన చీర చింపి వ్యాను కిటికీలకి తెరలు కుట్టింది. బయల్దేరే రోజు పొద్దున్నే మంచినీళ్ళ బావి నుంచి బిందెలు మోసి డ్రమ్ములు నింపింది కూడా ఆవిడే.

నింపాక కొత్త చీర కట్టుకొచ్చింది. బాబాయి ఎగాదిగా చూశాడు.

"నువ్వెక్కడికే? ఉన్నవి రెండు బల్లలు. ఆడమనిషి ఎక్కితే ఆ నీళ్ళు ఏ మూలకీ చాలవు" అన్నాడు. స్నేహితుడు నవ్వాడు. దరిద్రుడు, ఆ నవ్వు నాకింకా గుర్తే.

బాబాయి అంతటితో ఊరుకున్నా బాగుండేది. శకునాలు నమ్మొద్దని చర్చిలో చెబితే తలూపే మనిషే, ఊరికెళ్ళేటప్పుడు మాత్రం పెళ్ళాం నిండు బిందెతో ఎదురొస్తే గానీ కదలడు. ఆ రోజూ స్టీరింగు ముందు కూర్చుని, "బిందెతో ఎదురు రావే, టైమవుతోంది" అని కేకేశాడు.

వచ్చింది. కొత్త చీరలో, వీధి మధ్యలోంచి, నెమ్మదిగా. వ్యాను ముందు ఆగి బిందె బోర్లించి చూపించింది. చుక్క లేదు.

"నీళ్ళన్నీ మీ బండిలోనే ఉన్నాయండి" అంది.

ఖాళీ బిందె ఎదురైతే ఇక ప్రయాణమేమిటి? పైగా వీధంతా చూసింది. బాబాయి మొహం మాడిపోయింది. ఇంజను కట్టేసి దిగి, లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. నందిగామ ఆయన చెప్పాపెట్టకుండా బస్సెక్కాడు. వ్యాను మళ్ళీ కదల్లేదు, దాంట్లో కోళ్ళు కాపురం పెట్టాయి. పోయేదాకా బాబాయి పిన్నితో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడా బతిమాలలేదు. ఎడారి మాత్రం చూడకుండానే పోయింది.

"నీకూ సీటుంచాం, వస్తావా?" అని మనవరాలు అడుగుతోంది. నా మోకాళ్ళు నన్నెక్కడికీ రానివ్వవు. ఇసకలో దిగాక చెప్పులు విప్పి కాసేపు నిలబడు, మా పిన్ని కోసం, అన్నాను. "నీకూ సీటుంచాం" అని ఆవిడకి దక్కాల్సిన ఆ ఒక్క మాట, అదీ నా దాకా రావడానికి, ఇన్నేళ్ళు తీసుకుంది కాలం. బాబాయితో పాటు ఆ కాలాన్ని కూడా నేను క్షమించను.