దద్దుర్లు కనిపెట్టిన తాత

ఒక ఆసుపత్రి వార్డును ముప్పావుగంటసేపు తలకిందులు చేసినవాణ్ణి నేను. సమ్మె చేసి కాదు, తెలివితో! నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు. ఉన్నదంతా ఆ రోజే ఖర్చయిపోయింది.

అప్పటికి నాకు అరవై నాలుగేళ్లు. కుర్రతనం. బడిలో చదివింది మూడో తరగతి దాకానే. మిగతా పాండిత్యమంతా, ఇంగ్లీషుతో సహా, పొట్లాల కాగితాలు చదివి సంపాదించాను.

మా నాలుగేళ్ల మనవరాలికి మూత్రపిండంలో చీముపట్టి జ్వరమొస్తే రాయగడ నుంచి కోరాపుట్ తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ పిల్లల కోసం కొత్త ఇంజెక్షనొకటి పరీక్షిస్తున్నారు. కొందరికి కొత్తది, కొందరికి పాతది. ఎవరికేదో చీటీ తీసినట్టు కంప్యూటరు తేలుస్తుందట. మా కోడలు రమణ అన్నీ అడిగి తెలుసుకుని సంతకం పెట్టేసింది. నన్నడక్కుండా!

“మన పిల్లేటి, ఎలకా? దానిమీద పరీచ్చలేటి?” అన్నాను.

“ఆ చీముపట్టించిన పురుగు పాత మందులకి లొంగడం లేదట మావయ్యా. జొరమొస్తే రెండు బిళ్లలేసి, మిగిల్నవి డబ్బాలో దాసీది ఎవరు? వీధందరికీ పంచీది ఎవరు?”

ఆ పంచింది నేనే గనక గొంతు పెంచాను. వార్డు మొత్తం విన్నది.

రెండో రోజు పిల్ల చలికి వణికింది. సంతలో అప్పుడే కొన్న ఎర్ర కొట్పాడ్ దుప్పటి కప్పాను. కాసేపటికి ఒళ్లంతా చెమట. దుప్పటి తీస్తే మెడ నుంచి మోకాళ్ల దాకా ఎర్రెర్రగా!

“సంపేసేరు!” అని కేక పెట్టాను. “మందు పడలేదు! దద్దుర్లు! అందరూ మీ పిల్లల్ని సూసుకోండి!”

తల్లులంతా పిల్లల చొక్కాలెత్తారు. ఒకావిడ కొడుకు పుట్టుమచ్చను చూసి శోకాలు పెట్టింది. డాక్టరమ్మ పరుగున వచ్చి, పిల్లకు ఎక్కించాల్సిన మధ్యాహ్నపు డోసు ఆపించింది. పిల్ల ఒళ్లు మళ్లీ కాలుతోంది. కోడలి ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“ఇప్పుడేటంటావు?” అన్నాను కోడలితో. నా గొప్పతనం చూడండి! పిల్ల మూలుగుతుంటే నేను గెలిచానని మురిసిపోతున్నాను.

గునుపురం నుంచి వచ్చిన వార్డు నర్సమ్మ తడిదూదితో ఒక దద్దురును తుడిచింది. దద్దురు దూదికొచ్చేసింది. ఇంకోటి తుడిచింది. అదీ వచ్చేసింది.

“తాతా, ఈ దుప్పటి ఏటి?”

“కొట్పాడ్ నేతమ్మా. అసలు సరుకు. నా కళ్లని మోసం సేసీవోడు ఇంకా పుట్టలేదు.”

“పుట్టి, సంతలో కొట్టెట్టేడు. అసలుదైతే చెట్టువేరు రంగు, ఉడకెట్టినా దిగదు తాతా!”

వార్డంతా ఘొల్లున నవ్వింది. డోసు ముప్పావుగంట ఆలస్యంగా ఎక్కింది. నాలుగో రోజుకు జ్వరం పూర్తిగా దిగింది. అది కొత్తమందో, పాతమందో ఈనాటికీ నాకు తెలియదు.

డాక్టరమ్మ మాత్రం కాగితం తీసింది. పరీక్షలో జరిగిన ప్రతి అవాంతరమూ రాయాలట.

“వదిలీకూడదా తల్లీ?”

“కుదరదు తాతా. డోసు ఎందుకు ఆలస్యమైందో రాయాల్సిందే.”

ఇంగ్లీషులో రాసింది. నా సొంత చదువు జీవితంలో మొదటిసారి అక్కరకొచ్చింది. ‘మందుకు సంబంధం ఉందా?’ అన్నచోట, లేదు. ‘కారణం’ అన్నచోట ఒకే మాట: ‘గ్రాండ్‌ఫాదర్’.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: తడిదూదితో తుడిచి చూడనిదే ఇక ఏ మందు మీదా తీర్పు చెప్పను.