చెవి మీద నీలం గీత

బావ కుక్కపిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, దాని ఎడమ చెవిని ఎండకు ఎత్తి పట్టి, నా కొడుకు స్కెచ్ పెన్నుతో దాని మీద అడ్డంగా ఒక నీలం గీత గీశాడు. ఆ కుక్కపిల్ల ఇంటికి వచ్చాక నాకు మొదటిసారి భయం తగిలింది ఆ క్షణంలోనే. సాయంత్రపు ఎండలో ఆ చెవి తమలపాకంత పలుచగా ఉంది. లోపలి నరాలు ఎర్రగా కనిపిస్తున్నాయి. నేను చేటలో బియ్యం పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాను. బావ పక్కనే నా కొడుకు పెన్ను మూత పట్టుకుని నిలబడ్డాడు. వాడికి ఏడేళ్లు.

“అమాసకు కోయిస్తం,” అన్నాడు బావ వాడితో. “ఈసారన్న కాళ్లు సక్కగ పట్టుకుంటవారా? పోయినసారి లెక్క జేస్తే మంచిగుండదు.”

నా కొడుకు తల ఊపాడు. ఆ తల ఊపడం చూశాక నాకు భయం పోయి వేరేది వచ్చింది.

బావ అంటే నా భర్తకు అన్న. కర్దనూర్ దగ్గర మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. నా భర్త పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోతాడు. అమ్మేయగా మిగిలిన రెండెకరాల మక్క చేను బావ చూసుకుంటాడు. చేను చుట్టూ ఇప్పుడు లేఅవుట్లే. ప్లాట్లు కొన్నవాళ్లు ఇళ్లు కట్టరు, రాళ్లు పాతిపోతారు. ఆ రాళ్ల మధ్య సర్కారు తుమ్మ మొలిచి అడవిపందులకు ఇల్లయింది. అవి ఒక్కసారి చేనులో పడితే తెల్లారేసరికి ఏమీ మిగలదు. అందుకే బావకు వేటకుక్కలు కావాలి. ఈ తేనెరంగు పిల్లను బీదర్ వైపు నుంచి తెచ్చాడు.

పోయినసారి జరిగింది చెప్పాలి. అప్పుడు నా కొడుక్కి ఐదేళ్లు. మా పాపకు జ్వరం తగ్గక నేను సంగారెడ్డి ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాను. ఆ నాలుగు రోజుల్లో బావ ఒక నల్లకుక్కపిల్ల చెవులు కోశాడు. మా వైపు వేటకుక్క చెవులు కోసేటప్పుడు ఇంటి మగపిల్లవాడు దాని ముందుకాళ్లు పట్టుకోవాలి. పట్టుకున్న చేతికి కుక్క బతికినంత కాలం లొంగి ఉంటుందని నమ్మకం. కోసిన ముక్కలు నిప్పుల మీద కాల్చి, రొట్టెలో పెట్టి ఆ కుక్కకే తినిపిస్తారు. ఆ రొట్టె కూడా నా కొడుకు చేతే పెట్టించారు.

నేను ఇంటికి వచ్చేసరికి వాడి చొక్కా చేతుల మీద నెత్తురు ఎండిపోయి ఉంది. ఎవరూ ఆ చొక్కా విప్పలేదు. వానాకాలం, ఈగలు. చెవుల పుండు చీము పట్టి, పురుగు పడి, తొమ్మిదో రోజు ఆ కుక్క చచ్చిపోయింది. దాన్ని గోనెసంచిలో చుడుతూ బావ నా కొడుకుతో అన్నాడు: “నువ్వు గట్టిగ పట్టుకోలె. గది కదిలింది, లోతుగ తెగింది. నీ వల్లనే సచ్చింది పో.” నవ్వుతూనే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

వాడు నవ్వలేదు. ఆ రోజు నుంచి రెండు చేతులతో చెవులు మూసుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు అన్నం తింటూ తింటూ ఆగి, “అమ్మా, నేను ఇంక గట్టిగ పట్టుకుంటే బతికేదా?” అని అడిగాడు. నేను “లేదు నాన్నా” అన్నాను. వాడు నమ్మలేదు. వాళ్ల పెద్దబాపు, మా బావ, చెప్పాడు కదా. పెద్దబాపు చేతిలో బ్లేడు ఉంది, నా చేతిలో ఏముంది?

నేను మామూలుగానే భయపడే మనిషిని. గ్యాస్ ఆపానా లేదా అని రెండుసార్లు చూస్తాను. రోడ్డు మీద ట్యాంకరు హారను వినిపిస్తే పిల్లలిద్దరూ ఇంట్లో ఉన్నారో లేదో లెక్కపెట్టుకుంటాను. బావకు ఎదురు మాట్లాడే ధైర్యం నాకు ఎన్నడూ లేదు. కానీ “నీ వల్లనే సచ్చింది” అన్న ఆ మాట మాత్రం రెండేళ్లు దాచిపెట్టుకున్నాను. రోజూ ఒకసారి తీసి చూసుకున్నాను. అది పాతబడలేదు.

గీత గీసిన రోజు రాత్రి అన్నం వడ్డిస్తూ నేను సూటిగానే అడిగాను. “చెవులు కోయకుంటే ఏమైతది బావా?”

“ఏందమ్మా చదువులమ్మా, డిగ్రీల గిది చెప్పలేదా?” అన్నాడు. “పంది మొదాలు పట్టేది చెవినే. చెవి చీరితే నెత్తురు ఆగది. చెవి లేకుంటే ఏం పడ్తది?”

అది అబద్ధమని నేను అనను. చెవి చీరిన కుక్కను నేనే చూశాను, తల విదిలించినప్పుడల్లా గోడల మీద నెత్తురు చిందేది. మర్నాడు పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. “చీరితే కుట్టేయొచ్చమ్మా. చీరుతుందేమోనని ముందే కోసేస్తారా? నేనైతే చేయను,” అన్నాడు. నా భర్తకు చెప్పాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, “కుక్క కోసం అన్నతోని లొల్లి ఎందుకే?” అన్నాడు. కుక్క కోసం కాదని ఆయనకు అర్థం కాలేదు. లేదా అర్థమయ్యే అన్నాడేమో.

దారి చూపించింది మా అత్త, తనకు తెలియకుండానే. అమావాస్యకు మూడు రోజుల ముందు నా చేతికి మక్కరవ్వ ఇచ్చింది.

“కుక్కకు చప్పిడి గట్క వండు బిడ్డా. మూడొద్దులు ఉప్పు తగలొద్దు. ఉప్పు తిన్న కుక్కను కోస్తే నెత్తురు ఆగది, కోసేటోడు ముట్టడు.”

“ముట్టకుంటే మళ్ల అమాసకు కోస్తరా?”

“ఏడ కోస్తరు? దీనికి పాల పళ్లు ఊగుతున్నయ్. కొత్త పళ్లొచ్చినంక కోస్తే కుక్క పగబడ్తది. కోసిన చెయ్యిని మర్వది.”

అంటే ఈ ఆదివారం అమావాస్య ఒక్కటి తప్పితే చాలు. ఒక్క ముద్ద ఉప్పన్నం చాలు.

ఇక్కడ నేను దాచకుండా రాయాలి. ఆ పని నేను శుక్రవారమే చేసి ఉండొచ్చు. ఎవరూ చూడకుండా ఒక ముద్ద పెట్టి, పొరపాటైందని చెబితే గొడవ లేకుండా పోయేది. నేను చేయలేదు. ఆగాను. బావ పదిమందిని పిలుచుకోవాలి, కోసే మనిషి రావాలి, నా కొడుకును చూసి నవ్విన నోళ్లు అన్నీ అక్కడ ఉండాలి, అప్పుడు పెట్టాలి అనుకున్నాను. ఆ రెండు రోజులు నా కొడుకు సరిగా తినలేదు. శనివారం రాత్రి పక్క తడిపాడు, ఏడేళ్లవాడు. దుప్పటి ఉతుకుతూ కూడా నేను వాడికి నా ఆలోచన చెప్పలేదు. చెబితే వాడి ముఖంలో తెలిసిపోతుందని. పిల్లాణ్ణి కాపాడాలన్న కోరిక కన్నా ఆ మనిషి తల దించాలన్న కోరిక ఆ రెండు రోజులు నాలో పెద్దదిగా ఉంది.

ఆదివారం పొద్దున కోసే మనిషి హత్నూర నుంచి బండి మీద వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. సంచిలోంచి రెండు వెదురు బద్దలు, కొత్త బ్లేడు, పసుపు తీసి గోనెపట్టా మీద పేర్చాడు. కొట్టం ముందు బావ స్నేహితులు నలుగురైదుగురు చేరారు. నా భర్త గోడకు ఆనుకుని ఫోన్ చూస్తున్నాడు.

“రారా, పట్టు,” అని బావ నా కొడుకును పిలిచాడు. వాడు వెళ్లాడు. పిలిస్తే వెళ్లే పిల్లాడు.

నేను గిన్నె తెచ్చి కుక్కపిల్ల ముందు పెట్టాను. పప్పన్నం, ఉప్పు ఊరిన మామిడి తొక్కు. మూడు రోజుల చప్పిడి గట్క తర్వాత అది తల ఎత్తలేదు. నాలుగు నాకులకు గిన్నె ఖాళీ.

“ఏం పెట్టినవ్?” అన్నాడు బావ.

కోసే మనిషి గిన్నె అంచును వేలితో తీసి నాలిక మీద రాసుకున్నాడు. “ఉప్పేంది, తొక్కే పెట్టింది మీ మరదలు. మంచిగున్నది గూడ. నాకింత అన్నం పెట్టు బిడ్డా, ఇగ నా పని అయిపాయె.” తర్వాత కుక్క నోరు తెరిచి పళ్లు కదిపి చూశాడు. “మళ్ల అమాస దాక ఆగయ్ గివి. కొత్త పళ్ల కుక్కను నేను ముట్ట. నా చేతులు నాకు గావాలె.”

ఎవరో నవ్వారు. బావ ముఖం నల్లబడింది. “కావాల్నని చేసినవా?”

“కావాల్ననే చేసిన బావా.” గిన్నె అక్కడే వదిలేసి లేచి నిలబడ్డాను. “పోయిన కుక్క ఎట్ల సచ్చిందో మా పిలగానికి చెప్పు. అందరి ముందల చెప్పు.”

“వాడు సక్కగ పట్టుకోలె...”

“ఎవలు కోసిండ్రు దాన్ని?” అని కోసే మనిషి మధ్యలో అడిగాడు.

“నేనే.”

“బద్దలు పెట్టి బిగించినవా?”

బావ గోనెపట్టా మీది బద్దల వైపు చూసి తల తిప్పుకున్నాడు.

“బద్దలు లేకుంట కోస్తే చెవి ఏడిదాక తెగుతదో కోసేటోనికే తెల్వదు,” అన్నాడు ఆయన సామాను సంచిలో వేసుకుంటూ. “కాళ్లు పట్టుకున్న పోరడు ఏం జేస్తడు? నీకు రాని పనికి నన్నెందుకు పిల్వలె?”

రెండేళ్ల కింద నవ్వినవాళ్లే ఇప్పుడు నేల చూశారు. నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుపడను. బావ గిన్నెను తన్నాడు, అది గోడకు తగిలి సొట్టపోయింది. “రేపు పంది చెవి చీరినప్పుడు నువ్వే కుట్టు,” అన్నాడు.

“కుట్టిస్త,” అన్నాను.

తీరా వెనక్కి చూస్తే నా కొడుకు లేడు. పెద్దల గొంతులు లేచేసరికే పారిపోయి గడ్డివాము వెనక దాక్కున్నాడట. ఎవరి కోసం అడిగానో వాడే ఆ మాట వినలేదు. సాయంత్రం దాకా చూశాను, బావ వాణ్ణి పిలుస్తాడేమో, ఒక్క మాట అంటాడేమోనని. వాడి ముందు నుంచే నాలుగుసార్లు నడిచాడు. అనలేదు. మా అత్త మాత్రం నా పళ్లెంలో అన్నం వేస్తూ, “గా మాట మా పెద్దోడు సచ్చినా చెప్పడు బిడ్డా, నాకు తెల్సు,” అంది.

ఇన్నేళ్లూ పిల్లలకు పెద్దల గురించి మంచే చెబుతూ వచ్చాను. అది ఆ రోజుతో మానేశాను. మర్నాడు పొద్దున స్కూల్ బస్సు రాకముందు, పాప జడ వేస్తూ, కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. పక్క గదిలో బావ ఉన్నాడని తెలిసి, గొంతు తగ్గించకుండా చెప్పాను:

“నల్లకుక్క నీ వల్ల సావలేదు నాన్నా. మీ పెద్దబాపుకు కోయరాదు, రాకున్నా కోసిండు, తప్పు నీ మీద ఏసిండు. నువ్వు మంచిగనే పట్టుకున్నవ్. ఆయన నీకు ఈ మాట చెప్పడు, ఎదురుసూడకు. చెప్పేదాక నువ్వు ఆయన పిలిస్తే పోవాల్సిన పని లేదు. పాపా, నువ్వు గూడ. ఎవలన్న అడిగితే అమ్మ వద్దన్నది అని చెప్పుండ్రి.”