మాది బి క్యాంపు

కర్నూల్లో కొత్త మనిషి కనబడితే ముందు పేరడగరు, "ఏ పేట?" అని అడుగుతారు. పేట చెబితే చాలు. నీ కులమేందో, మీ నాయన ఏం పని చేసేవాడో, మీ ఇంట్లోకి వరదనీళ్ళు ఎంత ఎత్తు వచ్చుంటాయో కూడా వాళ్ళే అంచనా కట్టేసుకుంటారు.

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆదివారం పూట పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరు చూపించే పిచ్చి ఒకటుంది నాకు. బుధవారం సంత జరిగేది గనక బుధవారపేట అయిందంటారని, ఈ ఊరు రాజధానిగా ఉన్న ఆ నాలుగు రోజుల్లో ఉద్యోగుల కోసం వెలిసినవే ఎ, బి, సి క్యాంపులని, అవతలి కాలనీలన్నీ మొన్నటిదాకా జొన్నచేలేనని గొంతు చించుకుని చెబుతుంటాను. ఏ పేటా ఇంకో పేటకు తీసిపోదని కూడా చెబుతాను. ఈ చివరి మాట తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మాది పాతబస్తీ, తుంగభద్ర పక్క. మేము దూదేకులవాళ్ళం. ముస్లిములమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. పేర్లు అటూ ఇటూ చెల్లిపోతాయి. పెద్ద వరద తర్వాత మా గోడల చెమ్మ ఏ ఎండకూ ఆరలేదు. ఆ చెమ్మకు నా భార్యకు ఆయాసం పట్టుకుంది. రాత్రంతా గోడకానుకుని కూర్చునే నిద్రపోయేది. గాలీ వెలుతురూ ఉన్న ఇంటికి మారకపోతే కష్టమని డాక్టరమ్మ తేల్చేసింది.

కొత్త కాలనీల్లో టులెట్ బోర్డు కనిపించిన ప్రతి గేటూ తట్టాను. "ఏ పేట సార్ మీది?" అనేవాళ్ళు. చెప్పగానే, అయ్యో, పొద్దున్నే ఇంకెవరికో మాటిచ్చేశామనేవాళ్ళు. మరుసటి వారం అటు వెళ్తే బోర్డు అట్లాగే వేలాడుతుండేది.

చివరికి ఒక ఇంటికి నా భార్యను కూడా తీసుకెళ్ళాను. ఆమె నడవలేక గేటు దగ్గరే రొప్పుతూ కూలబడింది. ఇంటామె బయటికొచ్చి అదే ప్రశ్న అడిగింది. "బి క్యాంపు అమ్మా" అనేశాను. ఆమెది ఆత్మకూరు దగ్గర రైతు కుటుంబం. భర్త పోయాక కింద ఒక్కతే ఉంటోంది. నా మొహం ఒక క్షణం చూసి, ఆలోచించి చెబుతానంది. ఆ వారంలోనే పిలిచి తాళాలు చేతిలో పెట్టింది. పై పోర్షను, నేలంతా బేతంచెర్ల బండలు. నెల తిరిగేసరికి నా భార్య నడుం వాల్చి నిద్రపోయింది. చేసింది తప్పేం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మా అమ్మ పాత ఇల్లు వదిలి రానంది. మమ్మల్ని చూడ్డానికి వస్తానంటే, ముందు నేనే వెళ్ళి ఆమెను కూర్చోబెట్టాను.

"కిందామె అడిగితే బి క్యాంపని చెప్పు మా."

"నేనాడ ఎప్పుడుంటి రా?"

"ఉన్న్యావనుకో. నీ కోడలి కోసం."

అమ్మ బడిపిల్ల మాదిరి ఆ మాట నాకే అప్పజెప్పి చూసుకుంది. వచ్చిన రోజు ఇంటామెకూ అట్లాగే చెప్పింది.

పీర్ల పండగ వచ్చింది. ఇంటామె పైకొచ్చి, "సారూ, పాతబస్తీ పీర్ల చావిట్లో చక్కెర చదివించాల. మా ఆయన ఉన్నెప్పుడు ఏటా పోతాంటిమి. తోడొస్తావా?" అంది. సీమలో పీర్లకు మొక్కని ఇల్లు ఎక్కడుంది? ఆ సంగతి పిల్లలకు చెప్పేవాణ్ణి, నాకే గుర్తు లేకపోయింది. ఏ చావిడమ్మా అంటే మా వీధిదే చెప్పింది. రానంటే ఏమనుకుంటుందోనని ఆటో ఎక్కాను.

చావిడి ముందు జనంలో మా అమ్మ ఉంది, చేతిలో చక్కెర పొట్లంతో. ఆమె వెనకే మా ఇంటి తలుపు బార్లా తెరిచుంది.

"ఏమమ్మా, నువ్వూ ఈడికే వచ్చినావా?" అని ఇంటామె సంతోషంగా పలకరించింది.

అమ్మ నా వైపు చూసింది. కొంగు తలమీదికి లాక్కుని, "మొక్కుకునేకి వచ్చినామ్మా. మాది బి క్యాంపు" అంది.

పీర్ల ముందు చక్కెర మీద ఫాతెహా చదివే ముజావరు, అమ్మ ఆ వీధికి కాపరానికొచ్చినప్పట్నుంచీ ఆమెను వదినా అని పిలిచే మనిషి. ఆయన చదువుతున్నది ఆపి అమ్మను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత తల దించుకుని మళ్ళీ చదవసాగాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మా ఇల్లు ఎదురుగానే ఉంది. అందులోకి పోయి గ్లాసు నీళ్ళు తాగే మొహం కూడా లేదు.

తిరిగొస్తుంటే ఆటోలో ఇంటామె నా చేతిలో ఇంత చక్కెర పోసి, మెల్లగా అంది.

"తాళాలిచ్చేకి ముందే బి క్యాంపులో నీ గురించి అడిగిచ్చినా సారూ. మీ ఇల్లు ఆ చావిడి ఎదురుగానేనని అప్పుడే తెలిసింది. ఈ ఊర్లో పేట తెలుసుకోకుండా ఇల్లెవరిస్తారు?"

"మరి ఎందుకిచ్చినారమ్మా?"

"శానా ఆలోచించినా. గేటు కాడే నిజం చెప్పింటే ఇచ్చేదాన్నో లేదో నాకే తెలీదు, నేనెందుకు అబద్ధం చెప్పాల? ఆ పిల్ల రొప్పుతా కూచోనింటే మనసొప్పలేదు. నువ్వే ఎప్పుడో చెప్తావులే అని చూస్తాండా."

ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వంటే ఇంటి కోసం చెప్పినావు, సరే. ఆయమ్మ సొంత వాకిలి ముందర నిలబడి చెప్పింది గదా సారూ. ఆమెకు ఆ మాట ఎవరు నేర్పించినారు?"

"నేనేనమ్మా" అన్నాను. నేర్పించడమే కదా నా ఉద్యోగం.